తప్పు గడియారానిదా, మనిషిదా?

గోపాలపట్నంలో మా బాబాయికి వెల్డింగ్ మెషిన్లు బాగుచేసే షాపు ఉంది. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక షట్టరు, రెండు బల్లలు, గోడకి వేలాడే కేబుళ్లు, ఎప్పుడూ వేడిగా ఉండే సోల్డరింగ్ ఐరన్, అంతే. ఆమధ్య సెలవుల్లో వెళ్లినప్పుడు, నేను ముచ్చటపడి కొనుక్కున్న యూఎస్‌బీ ఆసిలోస్కోపుని కూడా బ్యాగులో పెట్టుకెళ్లాను. నిజం చెప్పొద్దూ, కాస్త గొప్ప చూపించుకోవడానికే.

వెళ్లేసరికి అక్కడో పంచాయితీ నడుస్తోంది. ఒక ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ రిపేరయ్యి వెళ్లి, వారం తిరక్కుండా వెనక్కొచ్చింది. పది నిమిషాలు పనిచేసి ఆగిపోతోందట. దాన్ని బాగుచేసిన కుర్రాడు రెండేళ్లుగా బాబాయి దగ్గర పనిచేస్తున్నాడు. కంట్రోల్ బోర్డుకి సప్లయి ఇచ్చే చోట కెపాసిటర్లు మార్చానంటాడు. బాబాయికి అనుమానం. "ఏరా, నీ పెట్టేటి సెప్తాదో సూడు" అన్నాడు నాతో.

నేను ప్రోబు పెట్టాను. స్క్రీను మీద 100 హెర్ట్జ్ దగ్గర రంపపు పళ్లలాంటి తరంగం. గబుక్కున పైకి లేచి, నెమ్మదిగా కిందికి జారుతోంది. కరెంటు గురించి కాస్త చదువుకున్న ఎవరికైనా ఆ ఆకారం తెలుసు. మన 50 హెర్ట్జ్ కరెంటుని రెక్టిఫై చేస్తే వచ్చేది 100 హెర్ట్జ్. కెపాసిటర్ బలహీనంగా ఉంటే మిగిలిపోయే అల సరిగ్గా ఇలాగే ఉంటుంది. "కెపాసిటర్లు మార్చలేదు, లేకపోతే పాతవి వేశాడు" అని తేల్చేశాను.

కుర్రాడు స్క్రీను వంక కాసేపు చూసి ఒక్కటే మాటన్నాడు. "సార్, ఇది కరెంటు అలే ఐతే బోర్డు వేడెక్కుతుంటే 100 నుంచి 150కి ఎందుకెళ్తంది?"

మంచి ప్రశ్న. దానికి నా దగ్గర సమాధానం లేదు. లేదు కాబట్టి, తెలివైనవాళ్లమనుకునే వాళ్లందరూ చేసే పనే నేనూ చేశాను. వినిపించుకోలేదు. బాబాయి ఆ కుర్రాణ్ణి మర్నాటినుంచి రావద్దన్నాడు.

నాలుగు రోజుల తర్వాత, తిరిగొచ్చి నా గదిలో కూర్చుని, ఆవేళ దాచుకున్న ఫైలు తెరిచాను. అందులో ఒక అంకె ఉంది. రెండు శాంపిళ్ల మధ్య ఎడం 20 మైక్రోసెకన్లు. ఆ బోర్డు మీది కంట్రోల్ ఐసీ సుమారు 50 కిలోహెర్ట్జ్‌లో ఆడుతుంది. అంటే దాని ఒక్కో ఆవృత్తికి పట్టే కాలం కూడా... 20 మైక్రోసెకన్లే. నా వెన్నులో చల్లగా అయ్యింది.

ఈ టపా ఆ 20 మైక్రోసెకన్ల గురించీ, దానికి ముందున్న రెండు వందల యేళ్ల చరిత్ర గురించీ. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన భాగం మన విశాఖపట్నంలోనే జరిగింది. మా బాబాయి షాపుకి పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలో.

ముందు ఆ తప్పేమిటో చెబుతాను. డిజిటల్ స్కోపు తరంగాన్ని నిరంతరం చూడదు. ఎడం ఎడంగా తొంగిచూసి, చూసిందల్లా మెమొరీలో రాసుకుంటుంది. ఎంత ఎడంగా చూడాలన్నది రెండు సెట్టింగుల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి టైమ్‌బేస్, అంటే స్క్రీను మీద ఒక గడి ఎంత కాలానికి సమానమన్నది. రెండోది మెమొరీ, అంటే ఆ మొత్తం కాలానికి ఎన్ని శాంపిళ్లు దాచుకోవచ్చన్నది. నేను గడికి 20 మిల్లీసెకన్లు పెట్టాను. పది గడులు కాబట్టి 200 మిల్లీసెకన్లు. మెమొరీ ఎప్పుడో ఎందుకో 10 వేల శాంపిళ్ల దగ్గర వదిలేశాను. 200 మిల్లీసెకన్లని 10 వేలతో భాగిస్తే 20 మైక్రోసెకన్లు. సెకనుకి 50 వేల శాంపిళ్లన్నమాట. డబ్బా మీద మాత్రం సెకనుకి కోట్ల శాంపిళ్లని రాసుంది. అదీ నిజమే, కాకపోతే ఆ వేగం అన్ని టైమ్‌బేసుల దగ్గరా రాదు.

ఇప్పుడు ఒక ఆట ఆడండి. కళ్లు మూసుకుని, సరిగ్గా 59 నిమిషాలకోసారి మాత్రమే తెరిచి గోడ గడియారం పెద్దముల్లు చూడండి. ప్రతిసారీ అది ఒక్కో నిమిషం వెనక్కి జరిగినట్టుంటుంది. ముల్లు ముందుకే తిరుగుతోంది, మీరు చూసిన ప్రతి చూపూ నిజమే, అయినా మీకు కనిపించిన కథ మాత్రం అబద్ధం. సినిమాల్లో బండి చక్రం వెనక్కి తిరిగేది ఇందుకే. దీన్నే ఏలియాసింగ్ అంటారు.

నా బోర్డులో అసలు తరంగం 49.9 కిలోహెర్ట్జ్. నేను చూసేది సెకనుకి 50 వేలసార్లు. తేడా 100 హెర్ట్జ్. అదే నాకు కనిపించింది, అదీ వెనక్కి నడుస్తూ. ఐసీ లోపలి రంపం నిజానికి నెమ్మదిగా ఎక్కి గబుక్కున దిగుతుంది. వెనక్కి నడిపిస్తే గబుక్కున ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. అచ్చం చచ్చిపోతున్న కెపాసిటర్లా! బోర్డు వేడెక్కి అసలు వేగం 49.85కి తగ్గితే, నా స్క్రీను మీది తేడా 150కి పెరుగుతుంది. కుర్రాడు అడిగిన ప్రశ్నకి సమాధానం ఇదే. కరెంటు అల అలా మారదు. అతను చూసింది చూసినట్టే అడిగాడు.

సరే, చరిత్రకొద్దాం.

టైమ్‌బేస్ అన్న మాట ఆసిలోస్కోపుతో పుట్టిందని మనమనుకుంటాం గానీ, టైమ్‌బేస్ అవసరం ఓడలతో పుట్టింది. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. నడిసముద్రంలో ఉన్నవాడికి సూర్యుణ్ణి బట్టి అక్కడి సమయం తెలుస్తుంది. తెలిసిన ఊరి సమయం కూడా చేతిలో ఉంటే, రెండిటి తేడాని బట్టి తానెంత తూర్పున ఉన్నాడో, ఎంత పడమటన ఉన్నాడో లెక్కేసుకోవచ్చు. ఆ తెలిసిన ఊరి సమయాన్ని మోసుకెళ్లే పెట్టే క్రోనోమీటరు. అది 4 సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర ఓడ స్థానం ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు తప్పుతుంది. మన విశాఖ అక్షాంశం దగ్గరైతే సుమారు ఒకటిముప్పావు కిలోమీటరు. గడియారంలో తప్పు, పటంలో తప్పవుతుంది. ఆ పటాన్ని నమ్ముకుని చీకట్లో తీరం దగ్గరకొచ్చిన ఓడ రాళ్ల మీదికెక్కుతుంది.

అందుకని రేవులో దిగిన ప్రతి ఓడకీ ఒక నమ్మదగిన సమయం కావాలి. నాకది విశాఖపట్నంలో ఎవరిచ్చారో తెలిసినప్పుడు నిజంగా ఆశ్చర్యమేసింది. ఇచ్చింది కంపెనీ దొరలు కాదు, మనవాడే. గోడె వెంకట జగ్గారావు అనే జమీందారు. 1817లో పుట్టాడు. మద్రాసు వెళ్లి, అక్కడి అబ్జర్వేటరీలో ఖగోళవేత్త టి.జి. టేలర్ దగ్గర పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చి 1840 ప్రాంతంలో డాబాగార్డెన్స్‌లోని తన ఇంటి ఆవరణలో సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టుకున్నాడు. ఇవాళ డాబాగార్డెన్స్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కుని హారన్ కొట్టేవాళ్లలో ఎంతమందికి తెలుసో ఈ సంగతి. నాకైతే చాలా ఏళ్లదాకా తెలీదు.

అక్కడ నక్షత్రాలని చూసి సమయం నిర్ణయించేవారు. ఆ సమయాన్ని ఊరికీ, రేవులోని ఓడలకీ తెలియజేయడానికి డాల్ఫిన్ నోస్ కొండ మీద ఒక జెండాకొయ్య ద్వారా సంకేతమిచ్చే ఏర్పాటు చేశారు. ఓడలో కెప్టెను కళ్లు దానిమీదే పెట్టుకుని, సంకేతం కనబడగానే తన క్రోనోమీటరు ఎంత చూపిస్తోందో రాసుకుంటాడు. తర్వాతి కాలంలో సమయం చెప్పే ఫిరంగి కూడా వచ్చింది. కాకపోతే ఫిరంగితో ఒక చిక్కుంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే వెళ్తుంది. కిలోమీటరు దూరంలో ఉన్నవాడికి దాదాపు 3 సెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. చూసే సంకేతానికి ఆ బాధ లేదు. మన భాషలో చెప్పాలంటే లేటెన్సీ :)

ఇక్కడో చిన్న కిటుకుంది. క్రోనోమీటరు సరైన సమయం చూపించాల్సిన పనిలేదు. రోజుకి ఎంత తప్పుతుందో తెలిస్తే చాలు. రోజూ సంకేతం చూసి తేడా రాసుకుంటే, రోజుకి ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతోందో తెలిసిపోతుంది. సముద్రంలో ఆ మేరకు సవరించుకోవచ్చు. రోజుకి ఒక సెకను తప్పడమంటే, ఈనాటి లెక్కలో పది లక్షల భాగాలకి 11.6 భాగాలు. మామూలు ఎలక్ట్రానిక్ పరికరాల్లో ఉండే సాదా క్వార్ట్జ్ క్రిస్టల్ 20 నుంచి 50 భాగాల దాకా తప్పొచ్చు. అంటే మంచి పాతకాలపు క్రోనోమీటరు ముందు మన చవక క్రిస్టల్ తలదించుకోవాల్సిందే.

జగ్గారావు 1856లో పోయాడు. ఆ తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు ఆ పని ఆపకుండా నడిపించాడు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ఫెలో అయ్యాడు. 6 అంగుళాల దూరదర్శిని తెప్పించాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా వెళ్లడాన్ని విశాఖపట్నం నుంచి పరిశీలించాడు. ఆరోజు ప్రపంచమంతా ఎందుకంత హడావిడి పడిందంటే, వేరువేరు చోట్లనుంచి శుక్రుడు సూర్యుడి అంచుని తాకిన క్షణాన్ని కచ్చితంగా కొలిస్తే సూర్యుడి దూరం లెక్కకట్టొచ్చు. అంటే అదీ టైమ్‌బేస్ మీదే ఆధారపడ్డ పని. నర్సింగరావు 1892లో పోయాక, ఆయన భార్య అచ్చయ్యమ్మగారు నక్షత్రశాలని ప్రభుత్వానికి అప్పగించారు. ఇప్పుడది లేదు.

మరి ఆ రోజుల్లో సమయాన్ని సెకనులో పదోవంతు దాకా ఎలా కొలిచేవారు? స్టాప్‌వాచీలు కూడా కాదు, కన్నూ చెవీ. దూరదర్శినిలో సన్నని నిలువు తీగలుంటాయి. నక్షత్రం ఒక్కో తీగనీ దాటుతుంటుంది. పక్కన గడియారం సెకనుకోసారి టక్ టక్ మంటుంటుంది. పరిశీలకుడు టక్కులు లెక్కపెట్టుకుంటూ, ఒక టక్కుకి నక్షత్రం తీగకి ఇవతల ఎంత దూరంలో ఉందో, తర్వాతి టక్కుకి అవతల ఎంత దూరంలో ఉందో గుర్తుపెట్టుకుని, తీగ దాటిన క్షణాన్ని పదోవంతుల్లో అంచనా వేసి పుస్తకంలో రాస్తాడు. ఆలోచించండి. ఇది శాంపిలింగే కదా! గడియారం టైమ్‌బేసు, పుస్తకం మెమొరీ, మధ్యలో అంచనా వేసే మనిషి మన ఇంటర్‌పొలేషన్ ప్రోగ్రాం.

ఈ పద్ధతి ఒక మనిషి ఉద్యోగం తీసేసింది. 1796లో, ఇంగ్లండులోని గ్రీనిచ్ అబ్జర్వేటరీలో. అధిపతి నెవిల్ మాస్కెలిన్. సహాయకుడి పేరు డేవిడ్ కిన్నెబ్రూక్. తాను రాసిన సమయాలకీ సహాయకుడు రాసినవాటికీ మొదట అర సెకను తేడా వస్తోందనీ, తర్వాత అది పదోవంతుల్లో ఎనిమిది దాకా పెరిగిందనీ మాస్కెలిన్ గమనించాడు. హెచ్చరించాడు. మారలేదు. పని చేతకాదని తీసేశాడు. తీసేసిన సంగతి అబ్జర్వేటరీ పరిశీలనల పుస్తకంలోనే అచ్చువేశాడు.

ఇరవయ్యేళ్లు పైన గడిచాక, జర్మన్ ఖగోళవేత్త బెస్సెల్ ఆ పుటలు చదివి, అసలు ఇద్దరు మంచి పరిశీలకుల సమయాలు కలుస్తాయా అని అనుమానించాడు. తనకీ మిగతా పేరున్న ఖగోళవేత్తలకీ మధ్య పోల్చి చూశాడు. కలవలేదు! కొందరితో సెకను దాకా తేడా వచ్చింది. కన్ను చూసినదాన్నీ చెవి విన్నదాన్నీ కలిపి లెక్కేసుకోవడానికి ఒక్కో మనిషి మెదడు ఒక్కోలా సమయం తీసుకుంటుంది. దానికి 'పర్సనల్ ఈక్వేషన్' అని పేరొచ్చింది. ప్రయోగాత్మక మనస్తత్వ శాస్త్రానికి పునాదుల్లో ఇదొకటంటారు. కిన్నెబ్రూక్ చేసింది తప్పు కాదు, తేడా. అధిపతికి తన గడియారం మీద, తన కన్ను మీద ఎంత నమ్మకమంటే, తేడా వస్తే తప్పు అవతలివాడిదే అయ్యుండాలి. ఈ కథ నేను ఎప్పుడో కాలేజీలో విని నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఇక ఆసిలోస్కోపు సంగతి. 1880లో ఫ్రాన్సులో జూబేర్ అనే ఆయన కరెంటు తరంగం ఆకారాన్ని చుక్క చుక్కగా పట్టుకున్నాడు. జనరేటర్ తిరిగే ఇరుసు మీద ఒక తాకుడు ముక్క పెట్టి, చుట్టుకోసారి ఒకే చోట కొలిచి, తర్వాత ఆ ముక్కని కొంచెం జరిపి మళ్లీ కొలిచి... అలా ఒక తరంగం గీయడానికి కొన్ని వందల తరంగాలు గడిచిపోయేవి. ఆ తర్వాత ఆస్పిటలియే అనే ఇంకొకాయన 'ఓండోగ్రాఫ్' అన్న యంత్రం చేశాడు. అది ప్రతి వందో తరంగంలో కాస్త ముందుకు జరిగిన చోటునుంచి చిన్న శాంపిలు తీసి కాయితం మీద గీసేది. చూశారా, నన్ను మోసం చేసిన ఏలియాసింగునే వాళ్లు తెలిసి వాడుకున్నారు. తెలిసి చేస్తే పరికరం, తెలీక చేస్తే పరువు నష్టం.

1897లో జర్మన్ శాస్త్రవేత్త బ్రౌన్ కేథోడ్ కిరణాల గొట్టం చేశాడు. దానిలో చుక్క పైకీ కిందికీ మాత్రమే ఆడేది. కాలాన్ని పక్కకి పరచడానికి తిరిగే అద్దంలో చూసేవారు. 1899లో ఆయన సహాయకుడు జెన్నెక్ ఆ చుక్కని ఎడమనుంచి కుడికి సమానవేగంతో లాగే ఏర్పాటు చేశాడు. అసలైన టైమ్‌బేస్ అదే. ఐతే లాగుడు ఎప్పుడు మొదలవ్వాలో తరంగంతో కలవకపోతే బొమ్మ పారిపోతుంటుంది. అమెరికాలో హోవర్డ్ వోలం, జాక్ మర్డాక్ తదితరులు పెట్టిన టెక్‌ట్రానిక్స్ కంపెనీ 1947లో తెచ్చిన 511 మోడలుతో, తరంగమే మీట నొక్కి లాగుడు మొదలెట్టే ట్రిగ్గర్ పద్ధతి మామూలు ఇంజనీర్ల బల్లల మీదికొచ్చింది.

అదే కాలంలో మన వాల్తేరులో కూడా ఈ తెరలు వెలిగాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు గారి ఆధ్వర్యంలో అయనోస్ఫియర్ పరిశోధన నడిచింది. రేడియో తరంగాన్ని ఆకాశంలోకి వదిలి, పైన అయనీకరించిన పొరని తాకి తిరిగొచ్చేదాకా పట్టే కాలాన్ని కొలవడం ఆ పరిశోధనకి పునాది. ఒక మిల్లీసెకను ఆలస్యమంటే 150 కిలోమీటర్ల ఎత్తు. 300 కిలోమీటర్ల పొర 2 మిల్లీసెకన్ల దగ్గర కనిపిస్తుంది. టైమ్‌బేస్ ఒక శాతం తప్పితే పొర 3 కిలోమీటర్లు పక్కకి జరిగిపోతుంది. వందేళ్ల కిందట ఓడల విషయంలో ఏ బాధైతే ఉందో, అదే ఊళ్లో, ఆకాశం విషయంలో మళ్లీ అదే బాధ.

ఎంత ఎడంగా చూడొచ్చన్న ప్రశ్నకి లెక్కల్లో సమాధానం కూడా ఈ కాలంలోనే వచ్చింది. 1928లో నైక్విస్ట్, 1933లో రష్యాలో కొటెల్నికోవ్, 1949లో షానన్ రాసినవాటి సారం ఇది: తరంగంలో ఉన్న అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా ఎక్కువ వేగంతో చూస్తే ఏదీ పోదు. అంతకన్నా తక్కువైతే పోవడమే కాదు, లేనిది కనిపిస్తుంది. మనం ఇంజనీరింగులో దీన్ని రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేశాం.

1970లలో నికొలెట్ కంపెనీ తొలి డిజిటల్ స్టోరేజ్ స్కోపు చేసింది. యూరపులోని సెర్న్ ప్రయోగశాలకి వేగమైన డిజిటైజర్లు చేసిన వాల్టర్ లెక్రాయ్, వేగమైన డిజిటల్ స్కోపులకి దారి వేశాడు. వెలుగు బదులు అంకెలొచ్చాయి. లాభం చాలా ఉంది, దాచుకోవచ్చు. నష్టం ఒకటుంది. పాత స్కోపులో టైమ్‌బేస్ మరీ నెమ్మదిగా పెట్టి వేగమైన తరంగం చూస్తే తెర మీద ఒక మందపాటి పచ్చ పట్టీ కనిపించేది. "నాకు తెలీడం లేదు, వేగం పెంచు" అని అది ఒప్పుకున్నట్టే. డిజిటల్ స్కోపు అలా ఒప్పుకోదు. ఉన్న చుక్కల్ని కలిపి, శుభ్రమైన, నమ్మబలికే గీత గీసిస్తుంది. తెలీదని చెప్పడం చేతకాని పరికరం అది. (మనలోనూ అలాంటివాళ్లున్నారు, మొదటి పేరా చూడండి.)

యూఎస్‌బీ స్కోపుల్లో ఇంకో ఇరుకుంది. యూఎస్‌బీ 2.0 కాయితం మీద సెకనుకి 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. ఆచరణలో 30-40 దాటడం కష్టం. రెండు చానళ్లు, ఒక్కోటి సెకనుకి 4.8 కోట్ల శాంపిళ్లు, శాంపిలుకి ఒక బైటు అనుకుంటే 96 మెగాబైట్లు కావాలి. ఆ తీగలో పట్టవు. కాబట్టి పరికరం ముందు తన చిన్న మెమొరీ నింపుకుని తర్వాత నెమ్మదిగా పంపిస్తుంది, లేదా వేగం తగ్గించుకుని ఆపకుండా పంపిస్తుంది. ఏ టైమ్‌బేసు దగ్గర ఏది చేస్తోందో సాఫ్ట్‌వేరు ఒక మూల చిన్న అక్షరాల్లో రాస్తుంది. ఆ మూల నేను చూడలేదు.

ఫైలు తెరిచిన తర్వాతి శనివారం మళ్లీ గోపాలపట్నం వెళ్లాను. ఆ ఊరి స్టేషన్ పేరు సింహాచలం. రైలు దిగి నడుస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఒకప్పుడు రైళ్లు మద్రాసు సమయం మీద నడిచేవి. విశాఖ నెత్తి మీదికి సూర్యుడు మద్రాసు కన్నా దాదాపు 12 నిమిషాలు ముందొస్తాడు. 1906 జనవరి 1 నుంచి దేశానికంతటికీ 82.5 డిగ్రీల రేఖాంశం మీది సమయం ప్రామాణికమైంది. ఆ రేఖ మన కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది. ఆ ముందు, స్టేషన్ గడియారం ప్రకారం బండికి మరీ ముందొచ్చేసినవాడు తన ఇంటి నీడ ప్రకారం వేళకే వచ్చాడు. అతణ్ణి తొందరపాటు మనిషనడం ఎంత తేలిక!

షాపులో మెషిన్ ఇంకా అలాగే ఉంది. ఈసారి గడికి 5 మైక్రోసెకన్లు పెట్టాను. రంపం సరిగ్గా, నెమ్మదిగా ఎక్కి గబుక్కున దిగుతూ, తెరమీద రెండున్నర ఆవృత్తులు. మళ్లీ పాత 20 మిల్లీసెకన్లకే వెళ్లి, మెమొరీ మాత్రం 10 వేల నుంచి 10 లక్షలకి పెంచాను. సెకనుకి 50 లక్షల శాంపిళ్లు, ఆవృత్తికి వంద. 100 హెర్ట్జ్ మాయమైపోయింది, తెరంతా నిండు పట్టీ, దగ్గరికి లాగి చూస్తే లోపల నిజమైన రంపం. సప్లయి కూడా చూశాను, శుభ్రంగా ఉంది. కెపాసిటర్లు కొత్తవే, అతను చెప్పినట్టే. అసలు లోపం వేడి పసిగట్టే థర్మల్ స్విచ్ కనెక్టర్ దగ్గర పగిలిన సోల్డరు. వేడికి విచ్చుకుని మెషిన్ని ఆపేస్తోంది.

కొత్తగా స్కోపు కొన్నవాళ్లకి నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు. గీత చూసేముందు శాంపిల్ రేటు చూడండి. టైమ్‌బేస్ మార్చగానే ఫ్రీక్వెన్సీ మారిపోతే, మారింది తరంగం కాదు, మీ చూపు. తెలీని సిగ్నల్‌ని ఎప్పుడూ అత్యంత వేగమైన టైమ్‌బేసు నుంచి మొదలెట్టి నెమ్మది చెయ్యండి, నాలాగ వెనకనుంచి కాదు. పీక్ డిటెక్ట్ లాంటిదుంటే ఒకసారి పెట్టి చూడండి, శాంపిళ్ల మధ్య దాక్కున్నది బయటపడుతుంది. ఇంకోటి, సరిగ్గా 50కో 100కో దగ్గరగా వచ్చిన అంకెని చూసి సంబరపడకండి. మనకి ముందే తెలిసిన సమాధానంలా కనిపించే తప్పే అన్నిటికన్నా ప్రమాదం.

బాబాయికి విషయం చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "ఐతే ఇప్పుడేటి సెయ్యాల?" అన్నాడు. కుర్రాడికి ఫోన్ చేసి జీతంలో పట్టుకున్న డబ్బులిచ్చాడు, మళ్లీ రమ్మన్నాడు. అతను రాలేదు. అప్పటికే ఆటోనగర్లో ఇంకోచోట కుదిరాడు. నేను అక్కడికే వెళ్లి, తప్పు నాదని చెప్పాను. లాప్‌టాప్ తెరిచి 49.9, 50, 59 నిమిషాల గడియారం అన్నీ వివరించాను. ఓపిగ్గా విన్నాడు.

"నా పని తప్పుకాదని నాకు తెల్సు సార్" అన్నాడు. "కాకపోతే సూపించడానికి నాకాడ స్కోపు నేదు కదా."

కిన్నెబ్రూక్ దగ్గరా లేదు. ఆఫీసులో కూడా రోజూ చూస్తుంటాను. డాష్‌బోర్డు మీద గ్రాఫు, దానికింద ఒక పేరు, "నీ మాడ్యూలే స్లో" అని తీర్పు. ఆ గ్రాఫు నిమిషానికోసారి తీసిన సగటా, సెకనుకోసారి తీసిందా, రెండు సర్వర్ల గడియారాలు కలిశాయా అని అడిగినవాణ్ణి నసగాడంటాం. జగ్గారావు డాల్ఫిన్ నోస్ మీద ఆ ఏర్పాటు చేసింది ఓడల కెప్టెన్లని తప్పుపట్టడానికి కాదు, వాళ్ల గడియారం ఎంత తప్పుతోందో వాళ్లకే తెలియడానికి. కొలత చేతిలో ఉన్నవాడు ముందు తన గడియారాన్నే అనుమానించాలి. అవతలివాడికి ఆ అవకాశం లేదు.

ఇప్పుడు ఆ స్కోపు బాబాయి షాపులోనే వదిలేశాను. దాని మూల, శాంపిల్ రేటు కనిపించేచోట, ఎర్ర మార్కరుతో బాణం గుర్తేశాను. మీకూ ఇలాంటి అనుభవం ఏదైనా ఉంటే చెప్పండి. తప్పు మీదైనదే చెప్పండి, అవతలివాళ్లవి అందరూ చెబుతారు.